గర్భసంచి తీసేస్తే రంది పోతదా?

దేవరకొండలో మా మెడికల్ షాపు పెట్టి పద్నాలుగేళ్లయింది. డిండి, చందంపేట తండాల నుంచి, అటు కల్వకుర్తి దారిలో ఉన్న ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు. కౌంటర్ దగ్గర మా ఆయన ఉంటే ఆడవాళ్లు చీటీ ఇచ్చి, గోలీలు తీసుకుని వెళ్లిపోతారు. నేనుంటే మాత్రం మగవాళ్లు పోయేదాకా ఓ పక్కన నిలబడి, అప్పుడు చెప్తారు అసలు సంగతి. అలా ఆగినవాళ్లలో చాలామంది దగ్గర రెండు చీటీలు ఉంటాయి. చేతిలో ఉన్నది లేడీ డాక్టర్ రాసింది, ఐరన్ గోలీలు, బ్లీడింగ్ ఆగడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్, ఇన్ఫెక్షన్‌కు మెట్రోనిడజోల్ లాంటివి. బ్యాగులో అడుగున మడిచి పెట్టింది "నరాల డాక్టర్" రాసింది, డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్, క్లోనాజెపామ్. నరాల డాక్టర్ అంటే మా దగ్గర సైకియాట్రిస్టే, ఆ మాట అనడానికి నోరు రాక నరాల మీదికి నెట్టేస్తాం. ఈ డాక్టర్‌కు ఆ చీటీ చూపించరు, ఆ డాక్టర్‌కు ఈ చీటీ చూపించరు. వాళ్లూ అడగరు. రెండూ ఒకేసారి చూసేది మందులిచ్చే నేనొక్కదాన్నే.

పోయిన ఎండాకాలం ఒకామె వచ్చింది. ముప్పై నాలుగేళ్లుంటాయి, ఇద్దరు పిల్లలు, ఇరవై మూడేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. "తెల్లబట్ట అయితుంది అక్కా, నడుము గుంజుతుంది, రాత్రి నిద్ర వడ్తలేదు, ఏ పని శాతనైతలేదు" అంది. ఒక ప్రైవేటు దవాఖానలో స్కానింగ్ తీసి గర్భసంచి వాచింది, తీసేస్తే అయిపోతుంది అన్నారట, డేటు కూడా ఇచ్చారట. అప్పు పుట్టించే పనిలో ఉంది. పోతూ పోతూ అడిగింది, "గర్భసంచి తీస్తే ఈ రంది కూడా పోతదా అక్కా?"

రంది అంటే లోపల తినేసే దిగులు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. బి.ఫార్మసీ చదివినా ఆ ప్రశ్నకు జవాబు మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. తర్వాత చదువుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

గైనిక్ సమస్యలున్న ఆడవాళ్లలో డిప్రెషన్, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయని పరిశోధనలు చెప్తూనే ఉన్నాయి. ఆ మాటలో తప్పేమీ లేదు, కానీ దాని వెనక కనీసం నాలుగు వేర్వేరు కథలున్నాయి. ఒక్కోసారి ఒంట్లోని మార్పే మనసును కుంగదీస్తుంది. ఒక్కోసారి మనసులోని బాధ ఒంటి మీద తేలుతుంది. ఒక్కోసారి రెండింటికీ వేరు ఒకటే, తొలకరి పడగానే కప్పలు అరుస్తాయి, పుట్టగొడుగులు లేస్తాయి, అంతమాత్రాన కప్పల అరుపుకే పుట్టగొడుగులు మొలిచాయని ఎవరమూ అనం కదా, వాన రెండింటినీ తెచ్చింది. ఇంకొన్నిసార్లు ఒక జబ్బుకు వేసుకున్న మందే రెండో జబ్బు తెస్తుంది. వీటిల్లో మన కథ ఏదో తెలియకపోతే వైద్యం తప్పుతుంది.

హార్మోన్లే మనసును కుదిపేస్తాయి అనడానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం నెలసరికి ముందు వచ్చే తీవ్రమైన బాధ దగ్గర దొరికింది. డాక్టర్లు దీన్ని పీఎండీడీ అంటారు. మామూలు చిరాకు కాదిది. నెలసరికి ముందు వారం పది రోజులు మనిషి మనిషిలా ఉండదు, పిల్లల మీద విరుచుకుపడుతుంది, ఏడుస్తుంది, కొందరికి చచ్చిపోవాలనిపిస్తుంది, నెలసరి మొదలైన రెండు మూడు రోజులకు మబ్బు విడినట్టు మళ్లీ మామూలైపోతుంది. 1998లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఇలాంటి బాధ ఉన్న ఆడవాళ్లకు అండాశయాల పని కొన్నాళ్లు ఆపేసే మందిచ్చారు, చాలామందికి బాధ తగ్గింది. తర్వాత ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టిరాన్ గానీ బయటి నుంచి ఇస్తే మళ్లీ వచ్చింది. అవే హార్మోన్లు అదే పద్ధతిలో ఈ బాధ లేని ఆడవాళ్లకు ఇస్తే వాళ్లకేమీ కాలేదు. అంటే హార్మోన్ ఎక్కువై తక్కువై కాదు, మామూలుగా అందరిలో జరిగే హెచ్చుతగ్గులకే కొందరి మెదడు వేరేగా స్పందిస్తోంది. అందుకే రక్తంలో హార్మోన్ల పరీక్ష చేయిస్తే రిపోర్టు "నార్మల్" అని వస్తుంది, ఇంట్లోవాళ్లు "చూశావా, నీకేం లేదు, అన్నీ నఖరాలు" అంటారు. రిపోర్టు నార్మల్ రావడమే ఈ జబ్బు స్వభావం మరి.

ఈ జబ్బును ఏ గదిలో పెట్టాలో పెద్దవాళ్లకే తేలలేదు. 2013లో అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల పుస్తకం దీన్ని డిప్రెషన్ జబ్బుల్లో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జాబితా స్త్రీల జబ్బుల భాగంలో పెట్టి, డిప్రెషన్ కింద కూడా చూడమని ఇంకో గుర్తు పెట్టింది. నాకది నచ్చింది, కనీసం రెండు చీటీలూ ఒకే చోట పెట్టారు. వైద్యం కూడా రెండు గదులకు చెందిందే. డిప్రెషన్‌కు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు మామూలుగా పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది, ఈ జబ్బులో మాత్రం రోజుల్లోనే పని చేస్తాయి, కొందరికి నెలసరికి ముందు రెండు వారాలే ఇస్తారు. చీటీలో "పద్నాలుగు రోజులు" అని రాసి ఉంటే డాక్టర్ పొరపాటు రాశాడనుకుని నేనే ఒకసారి ఫోన్ చేసి మాట పడ్డాను.

దీన్ని గుర్తుపట్టడానికి స్కానింగ్ అక్కర్లేదు, గోడ మీది క్యాలెండర్ చాలు. కనీసం రెండు నెలలు, ఏ రోజు మనసు బాగాలేదో ఆ రోజు గడిలో చుక్క పెట్టాలి, నెలసరి రోజుల మీద గీత గీయాలి. చుక్కలన్నీ గీతకు ముందే గుంపుగా ఉండి తర్వాత మాయమైతే ఒక కథ. నెలంతా చుక్కలే ఉండి గీతకు ముందు ఇంకా ఎక్కువైతే అది వేరే కథ, ఉన్న డిప్రెషనే ఆ రోజుల్లో ముదురుతోందన్నమాట. రెండింటికీ వైద్యం వేరు. గ్యాస్ బండ వచ్చిన తారీఖు, పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరే ఇది, కొత్తగా కొనాల్సిందేమీ లేదు.

బాలింతల సంగతీ కొంత ఇలాంటిదే. కాన్పు తర్వాత హార్మోన్లు రోజుల్లోనే పాతాళానికి పడిపోతాయి. 2019లో, 2023లో అమెరికా అనుమతించిన బ్రెక్సనోలోన్, జురానోలోన్ అనే రెండు మందులు ప్రొజెస్టిరాన్ నుంచి మన మెదడు తయారుచేసుకునే ఒక పదార్థాన్ని ఆధారం చేసుకుని పుట్టినవే. కానీ అంతా హార్మోనే అనుకుంటే తప్పు. 2002లో వచ్చిన గోవా అధ్యయనంలో కాన్పైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం తల్లుల్లో డిప్రెషన్ కనిపించింది, పేదరికం, మొగుడి దెబ్బలు ఉన్నచోట ఎక్కువ, కొడుకు కావాలనుకున్న ఇంట్లో ఆడపిల్ల పుడితే ఇంకా ఎక్కువ. దేశం మొత్తం మీది అధ్యయనాలను కలిపి 2017లో లెక్క కడితే 22 శాతం తేలింది. హార్మోన్లు పడిపోవడం ఐదుగురిలోనూ జరుగుతుంది, కుంగిపోయేది ఒకామె. తేడా ఎక్కడుందో మీరే చూడండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి, కాన్పైన మొదటి రెండు మూడు వారాల్లో బాలింత నిద్ర లేకుండా తిరుగుతూ, లేనివి వినిపిస్తున్నాయంటూ, పిల్లను గురించి వింత మాటలు మాట్లాడితే అది గాలీ కాదు ధూళీ కాదు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండు చోట్ల వచ్చే ఎమర్జెన్సీ. తాయత్తు తర్వాత కట్టించుకోవచ్చు, ముందు దవాఖానకు తీసుకెళ్లండి.

ఇక వాన కథ, అంటే రెండింటికీ ఒకటే వేరున్న కథ. ఎండోమెట్రియోసిస్ అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది బయట ఎక్కడో పెరగడం, నెలనెలా ప్రాణం పోయేంత నొప్పి. ప్రపంచంలో పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, బయటపడటానికి ఏళ్లు పడుతుంది, ఎందుకంటే "ముట్టు నొప్పి అందరికీ వస్తది, ఓర్చుకోవాలె" అని అమ్మే చెప్తుంది, అమ్మమ్మ అమ్మకు చెప్పింది. ఇంత నొప్పి ఉన్న మనిషి కుంగిపోతుంది, అందులో వింతేముంది అనుకుంటాం. కానీ 2023లో బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా ఆడవాళ్ల వివరాలతో చేసిన ఒక అధ్యయనం, దీర్ఘకాలపు నొప్పి లెక్కను పక్కన పెట్టినా ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన, తిండికి సంబంధించిన మానసిక జబ్బులు ఎక్కువే ఉన్నాయని చూపించింది. జన్యువుల్లో కూడా కొంత ఉమ్మడి భాగం దొరికింది. పైగా జన్యువుల లెక్క ప్రకారం డిప్రెషన్ వచ్చే స్వభావం ఉన్నవాళ్లలో ఎండోమెట్రియోసిస్ కాస్త ఎక్కువ, అంటే బాణం మనం అనుకున్న వైపే కాదు, ఇటు నుంచి అటు కూడా పోతోంది.

పీసీఓఎస్‌ది కూడా దాదాపు ఇదే ధోరణి. అండాశయాల్లో వచ్చే ఈ సమస్యను మా దగ్గర "నీటి బుడగలు" అంటారు. నిజానికి అవి నీటి బుడగలు కావు, విడుదల కావాల్సిన అండాలు పెరుగుదల మధ్యలో ఆగిపోయిన సంచులు. పది పదిహేను రోజులకోసారి ఒక ఇంటర్ చదివే పిల్ల, పక్కన వాళ్లమ్మ, "బుడగలు కరిగే మందు" అడుగుతూ వస్తారు. కరిగేదేమీ లేదమ్మా అని చెప్పడమే పెద్ద పని. గడ్డం కింద వెంట్రుకలు, బరువు, మొటిమలు, "రేపు పిల్లలు కాకపోతే ఎట్లా" అని పెళ్లి కాకముందే మొదలయ్యే మాటలు, ఇవన్నీ ఒక పదిహేడేళ్ల పిల్లను కుంగదీయడానికి చాలు. అయినా అదొక్కటే కాదు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు లేనివాళ్లకన్నా రెండు రెట్లకు పైనే కనిపిస్తున్నాయి, బరువు లెక్క తీసేసినా తేడా పూర్తిగా పోవడం లేదు. స్వీడన్‌లో చూస్తే పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ల తోబుట్టువుల్లో కూడా మానసిక జబ్బులు కాస్త ఎక్కువగా ఉన్నాయి. తోబుట్టువుకు గడ్డం వెంట్రుకల బాధ లేదు కదా, మరి ఎక్కడి నుంచి వచ్చింది? ఇంటి రక్తంలో ఏదో ఉమ్మడిగా ఉందన్నమాట. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పీసీఓఎస్ అని తేలిన ప్రతి ఒక్కరినీ డిప్రెషన్, ఆందోళన గురించి అడిగి తీరాలని రాశాయి. మా షాపుకొచ్చే చీటీల్లో మెట్‌ఫార్మిన్ ఉంటుంది, బరువు తగ్గమని ఉంటుంది, "మనసెట్లుంది బిడ్డా" అని అడిగిన జాడ ఇప్పటిదాకా ఒక్క చీటీలోనూ నాకు కనిపించలేదు.

ఇప్పుడు ఆ ముప్పై నాలుగేళ్ల ఆమె దగ్గరికి వస్తాను. ఆమె మొదట అన్న మాట తెల్లబట్ట. ఇది మా షాపులో నేను అన్నిటికన్నా ఎక్కువ విన్న మాట, దీనిమీద జరిగిన పరిశోధన చదివినప్పుడు నిజంగానే ఉలిక్కిపడ్డాను. మానసిక వైద్య పరిశోధకుడు డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం గోవాలో దాదాపు రెండున్నర వేల మంది ఆడవాళ్లను అడిగి, పరీక్షలు కూడా చేసి, 2005లో ఫలితాలు ప్రచురించింది. తెల్లబట్ట అవుతోందని చెప్పినవాళ్లకు ఇన్ఫెక్షన్లు ఉంటాయని కదా ఎవరైనా అనుకునేది. తెల్లబట్ట ఫిర్యాదుకు ఇన్ఫెక్షన్‌తో ఉన్న సంబంధం బలహీనంగా తేలింది, డిప్రెషన్, ఆందోళన, ఒళ్లంతా నొప్పులతో ఉన్న సంబంధం చాలా గట్టిగా తేలింది. ఇంకో సంగతి, ఎందుకవుతుందనుకుంటున్నారని ఆ ఆడవాళ్లనే అడిగితే ఎక్కువగా వచ్చిన జవాబులు టెన్షన్, ఒంట్లో వేడి. మనం "వేడి చేసింది" అంటామే, అదే. వాళ్లకు తెలుసు. మందులిచ్చే మాకే తెలియలేదు.

దీన్ని తప్పుగా అర్థం చేసుకోవద్దు. తెల్లబట్ట అబద్ధమనో, అంతా మనసులోనే అనో ఆ పరిశోధన చెప్పలేదు. కొంత తెలుపు అవడం ప్రతి ఆడమనిషికీ సహజం, నెలలో కొన్ని రోజులు ఎక్కువ, కొన్ని రోజులు తక్కువ. మనసు బాగున్నప్పుడు పట్టించుకోం. గుండెలో బుగులు ఉన్నప్పుడు ఒంట్లోని ప్రతి చిన్న మార్పూ పెద్దగా తెలుస్తుంది, "నా సత్తువంతా ఇట్లనే కారిపోతుంది" అనిపిస్తుంది. పైగా మా ఊళ్లలో "నా మనసు బాగలేదు" అని దవాఖానకు పోయే ఆడమనిషిని చూశారా? ఏ అత్తా పంపదు, ఏ మొగుడూ బస్సు చార్జీ ఇవ్వడు. తెల్లబట్ట, నడుము నొప్పి అంటే మాత్రం పంపుతారు. రందికి దవాఖాన మెట్లెక్కే దారి గర్భసంచి మీదుగానే ఉంది. అక్కడ పరీక్ష లేకుండా లక్షణం చూసి యాంటీబయాటిక్ రాస్తారు, వారం తగ్గినట్టుంటుంది, మళ్లీ వస్తుంది, ఇంకో కోర్సు, ఇంకో ఆర్‌ఎంపీ, ఇంకో స్కానింగ్. వాసన, దురద, పెరుగు విరిగినట్టు ఉండటం, పచ్చగా అవడం ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, తప్పకుండా చూపించుకోవాలి. కలిసిన తర్వాత రక్తం కనిపించినా, ముట్టు ఆగిపోయాక మళ్లీ బ్లీడింగ్ అయినా ఒక్క రోజు కూడా ఆగొద్దు, అది క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాల్సిన లక్షణం. ఇవేవీ లేకుండా మూడు కోర్సులు వాడినా తగ్గని తెల్లబట్టకు నాలుగో కోర్సు ఇచ్చే బదులు "నిద్ర పడుతుందా?" అని అడగడం మేలని నా అభిప్రాయం.

నడుము నొప్పి ఇంకో చిక్కు. నల్లగొండ జిల్లాలో నడుము నొప్పికి హక్కుదార్లు చాలామంది. మర్రిగూడ, మునుగోడు వైపు అయితే ముందు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నాట్లు, పత్తి ఏరడం, రోజంతా వంగి చేసే పని. చివరికి నేరం మాత్రం గర్భసంచి మీద పడుతుంది, దాన్ని తీసేయొచ్చు కాబట్టి. పొలాన్ని తీసేయలేం కదా.

తీసేయడం మా దగ్గర ఎంత మామూలైపోయిందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తుంది. 2015-16లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9. దేశ సగటుకు రెండింతలకు పైనే. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు ప్రైవేటులో జరిగినవే. పిల్లలు పుట్టాక ఆ సంచితో పనేముంది, ఉంచితే క్యాన్సర్ అయితది, ఈ రెండు మాటలు చాలు ముప్పై ఏళ్ల ఆడమనిషిని టేబుల్ ఎక్కించడానికి. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లో అవసరం లేకుండా చేసిన ఆపరేషన్ల మీద వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చి, కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

సరే, తీసేస్తే మనసు ఏమవుతుంది? ఇక్కడ జవాబు రెండు వైపులా ఉంది, రెండూ చెప్పకపోతే మోసం. అమెరికాలోని మేరీలాండ్‌లో గర్భసంచి తీయించుకున్న పన్నెండు వందల మందికి పైగా ఆడవాళ్లను రెండేళ్లు గమనించారు. విపరీతమైన నొప్పి, డిప్రెషన్ రెండూ ఉన్నవాళ్లకు కూడా ఆపరేషన్ తర్వాత బాగా మెరుగైంది, కానీ మొదట్లో డిప్రెషన్ లేనివాళ్లంతగా కోలుకోలేదు. గడ్డలుండి, నెలకు పదిహేను రోజులు బట్టలు తడిసిపోతూ, రక్తం ఆరు గ్రాములకు పడిపోయిన మనిషికి ఆ ఆపరేషన్ నిజంగా ప్రాణం పోసినట్టే, దాన్ని నేను కాదనను, మా పెద్దమ్మకే అలా అయింది.

రెండో వైపు అమెరికాలోని మాయో క్లినిక్ అనే పెద్ద దవాఖాన పరిశోధకులు చూశారు. 1980 నుంచి 2002 మధ్య క్యాన్సర్ కాని కారణాలకు గర్భసంచి తీయించుకుని, అండాశయాలు మాత్రం ఉంచుకున్న దాదాపు 2,100 మందిని, అదే వయసు మిగతా ఆడవాళ్లతో పోల్చారు. ముప్పై ఏళ్ల లెక్కలో కొత్తగా డిప్రెషన్ వచ్చినవాళ్లు వందకు ఆరేడుగురు అదనంగా తేలారు, ఆందోళన దాదాపు ఐదుగురిలో అదనం. 35 ఏళ్లలోపే తీయించుకున్నవాళ్లలో డిప్రెషన్ వందకు పన్నెండు మంది దాకా అదనం. ఇది అండాశయాలు ఉంచినవాళ్ల లెక్క, గుర్తుంచుకోండి. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగిన మనిషి అయిపోతుంది. మన దేశంలో సహజంగా అది 46 ఏళ్ల ప్రాంతంలో మెల్లగా జరిగేది. ముప్పై ఐదుకే ఒక్కరోజులో జరిగితే ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకల బలం తగ్గడం, చీటికీమాటికీ ఏడుపు. అప్పుడు ఆమె మళ్లీ నా కౌంటర్ దగ్గరికే వస్తుంది, ఈసారి బ్యాగు అడుగున ఉండాల్సిన చీటీ చేతిలో పట్టుకుని. ఆపరేషన్ చేసినచోట "అండాశయాలు ఉంచారా తీశారా" అని అడిగితే చాలామందికి జవాబు తెలియదు. డిశ్చార్జి కాగితం దాచుకోండి, అందులో ఉంటుంది.

మందుల వల్ల వచ్చే గొడవ కూడా ఒకటుంది, ఇది నా రంగం కాబట్టి ఒత్తి చెప్తాను. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ లాంటి మానసిక జబ్బుల మందులు ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతాయి, ముట్టు ఆగిపోవచ్చు, పాలు కూడా రావచ్చు. పెళ్లికాని పిల్లకు ఇలా జరిగితే ఇంట్లో ఎంత రభస అవుతుందో చెప్పక్కర్లేదు. ఆ పిల్లను లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, నరాల గోలీల సంగతి మాత్రం దాచిపెడతారు, ఆవిడ పరీక్షల మీద పరీక్షలు రాస్తుంది. మందు మారిస్తే పోయేదానికి ఇంత. ఫిట్స్‌కూ, బైపోలార్ జబ్బుకూ వాడే వాల్‌ప్రోయేట్‌తో పీసీఓఎస్ లాంటి మార్పులు వస్తాయని 1993 నుంచే తెలుసు, గర్భంతో ఉన్నప్పుడు వాడితే బిడ్డ వెన్నుపాముకు, మెదడుకు ప్రమాదం. అయితే ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. డాక్టర్‌కు చెప్పి మార్పించుకోవాలి.

అటు నుంచి ఇటు కూడా ఉంది. డెన్మార్క్‌లో పది లక్షలకు పైగా ఆడవాళ్ల రికార్డులతో 2016లో వచ్చిన అధ్యయనం, హార్మోన్ ఉన్న గర్భనిరోధకాలు వాడేవాళ్లలో డిప్రెషన్ మందులు మొదలుపెట్టడం ఎక్కువని చెప్పింది. పేపర్లు భయపెట్టేశాయి. లెక్క చూస్తే ఏడాదికి వందమందిలో వాడనివాళ్లలో 1.7, వాడేవాళ్లలో 2.2. తేడా ఉంది, కానీ కొంపలు మునిగేంత కాదు, పదిహేను పంతొమ్మిదేళ్ల పిల్లల్లో మాత్రం తేడా ఎక్కువ. బతుకమ్మకో, పెళ్లికో, యాదగిరిగుట్టకు పోవాలనో ముట్టు వాయిదా గోలీలు అడిగేవాళ్లు మాకు ఏటా వస్తారు. ఆ నాలుగు రోజుల వాడకం గురించి కాదు ఈ అధ్యయనం. అయినా అంతకుముందు అలా వేసుకున్నప్పుడు మనసు బాగా పాడైందా అని నేను అడుగుతాను, గడ్డకట్టే జబ్బు ఉందా అని కూడా.

ఇవన్నీ తేల్చేముందు చేయాల్సినవి రెండు చవకైన పరీక్షలు. ఒకటి రక్తం, రెండు థైరాయిడ్. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువే. ఎక్కువ బ్లీడింగ్ అయితే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే నీరసం, దడ, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, అచ్చం డిప్రెషన్ లాగే ఉంటుంది. థైరాయిడ్ తగ్గినా ముట్టు గతి తప్పుతుంది, మనసూ మందగిస్తుంది, చాలామందికి ఒక్క గోలీతో రెండూ సర్దుకుంటాయి. సైకియాట్రిస్టు కోసం హైదరాబాదు ఎర్రగడ్డ దాకా పోవాల్సిన రోజులు కూడా పోయాయి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో కూడా వచ్చాయి. మెడికల్ కాలేజీ అంటే లేడీ డాక్టర్ల విభాగం, సైకియాట్రీ విభాగం రెండూ ఉండాల్సిందే. ఫోన్ మీదే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, చచ్చిపోవాలనిపిస్తోందంటే తెల్లారేదాకా ఆగకుండా అర్ధరాత్రయినా చేయొచ్చు.

ఆ రోజు ఆమెకు ఇంత చెప్పలేదు, నాకూ ఇంత తెలియదు. "డేటు ఒక రెండు నెలలు జరుపుకో చెల్లె, క్యాన్సరేం కాదు కదా, ముందు నల్లగొండ పెద్ద దవాఖానలో ఇంకో డాక్టర్‌కు చూపించుకో, ఇంట్లో క్యాలెండర్ మీద చుక్కలు పెట్టు" అని మాత్రం చెప్పాను. వెళ్లింది. రక్తం ఎనిమిది ఉంది, గర్భసంచిలో చిన్న వాపు తప్ప తీసేయాల్సినంత ఏమీ లేదన్నారట, ఐరన్ రాశారు. రెండు నెలల తర్వాత క్యాలెండర్ కాగితాలు చింపుకుని షాపుకు తెచ్చింది. చుక్కలు ముట్టుకు ముందు గుంపుగా లేవు, నెలంతా పరుచుకుని ఉన్నాయి. ఆదివారాల గడుల్లో మాత్రం రెండేసి చుక్కలున్నాయి. ఆదివారం ఏమైతదని నేను అడగలేదు, ఆమే చెప్పింది, ఆ రోజు మొగుడి చేతికి కూలి డబ్బులొస్తాయట.

మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఒక చీటీ వెనక రాసిచ్చాను. ఆ చీటీ, లేడీ డాక్టర్ చీటీ, క్యాలెండర్ కాగితాలు అన్నీ కలిపి మడిచి బ్యాగు పైజేబులో పెట్టుకుంది. బుధవారం మళ్లీ నల్లగొండ పోతానంది, ఈసారి నరాల డాక్టర్ దగ్గరికి.